నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

డెల్ఫియా అట్టపెట్టెలోంచి ఒక ఉత్తరం తీసి ట్రెస్సా ఒళ్ళో పడేసింది.

"చదువు. గట్టిగా చదువు. మా ఆయన కూడా వింటాడు."

ఉత్తరం ఎక్కడో ఒరెగాన్ నుంచి వచ్చింది. లోపల తెల్లపూల బొమ్మ ఉన్న కార్డు. 'డెల్ఫియా గారికి. మీ భర్తను వరద తీసుకుపోయిందని పత్రికలో మీ ముఖం చూడగానే అర్థమైంది. నేను కూడా భర్తను పోగొట్టుకున్నదాన్నే...'

ఆ మాట దగ్గర ట్రెస్సా చదవడం ఆపేసింది. డెల్ఫియా భర్త ఆర్లీ మూడడుగుల దూరంలో, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలకు నార తీస్తున్నాడు మరి.

"ఆపావేం?" అన్నాడు ఆర్లీ. "నేను మంచివాణ్ణని రాసిందా లేదా?"

"నిన్ను ఎరగదు కాబట్టి మంచివాడివనే రాసుంటుంది," అంది డెల్ఫియా. ఆ మాట కూడా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే అంది.

వరద వచ్చి పదిరోజులైంది. రాటిల్ వాగు ఒడ్డున ఉన్న ఇళ్ళలో డెల్ఫియాది మొత్తంగా కొట్టుకుపోయింది. మిగిలినవి మూడు సిమెంటు మెట్లు. భార్యాభర్తలిద్దరూ వెనకనున్న కొండెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు గానీ, కిటికీ గట్టు మీద గ్లాసులో పెట్టిన ఆమె కట్టుడు పళ్ళు ఇంటితోపాటు వెళ్ళిపోయాయి. కొత్తవి రావడానికి ఆరు వారాలు పడుతుందని డాక్టరు చెప్పాడు. అందాకా వాళ్ళు ఉండేది సర్కారు ఇచ్చిన ఈ ట్రైలరు అనే చక్రాల ఇంట్లో.

ట్రెస్సా ఆ కౌంటీ వారపత్రికకు ఫోటోలు తీస్తుంది. బొగ్గుగనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న తండ్రికి ఒక్కతే కూతురు. తమ కౌడిల్ కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. నీళ్ళు తీసిన రోజు ఉదయం వాగు వెంట నడుస్తూ నాలుగు వందల ఫోటోలు తీసింది. వాటిలో ఒకటి డెల్ఫియాది. ఆ ఒక్కటే దేశమంతా తిరుగుతోంది.

ఇల్లు లేని మెట్ల మీద కూర్చుని ఉంది డెల్ఫియా. ట్రెస్సా కెమెరా ఎత్తింది. డెల్ఫియా చెయ్యి వెంటనే నోటి మీదికి వెళ్ళింది, కళ్ళు పెద్దవయ్యాయి. ట్రెస్సా వేలు నొక్కింది.

రాటిల్ వాగు ఒడ్డున అయిదేళ్ళ పిల్లకైనా ఆ చెయ్యి అర్థం తెలుసు. 'పళ్ళు పెట్టుకోలేదు, ఇటు చూడకు' అని. నలభై దాటేసరికి సగంమందికి కట్టుడు పళ్ళే. చెప్పకుండా చుట్టాలొస్తే ట్రెస్సా నాయనమ్మ చెయ్యి కూడా అలాగే లేచేది. తెలిసి కూడా ట్రెస్సా నొక్కింది. కాంతి బాగుంది. ముఖంలో భావం కనబడ్డ క్షణాన్ని వదలొద్దని కాలేజీలో నాలుగేళ్ళు చెవిలో పోశారు. వేలు ఆగలేదు.

రోడ్లు తెగిపోయి పట్నం పత్రికవాళ్ళు రాలేక, ఫోటోలుంటే పంపమన్నారు. ట్రెస్సా పదకొండు పంపింది. ఈ ఫోటో కింద, 'రాటిల్ వాగు వరదలో ఇల్లు పోగా మిగిలిన మెట్ల మీద డెల్ఫియా నోబుల్' అని మాత్రమే రాసింది. చెయ్యి సంగతి రాయలేదు. పెద్దావిడకు పళ్ళు లేవని పత్రికలో రాసేవాళ్ళుంటారా? మర్యాద కోసం వదిలేసిన ఆ ఖాళీని పట్నంవాళ్ళు తమకు తోచిన మాటలతో నింపారు: 'ఆప్తులను పోగొట్టుకున్న ఇల్లాలి మూగ రోదన.' అక్కడినుంచి ఆ మాట, ఆ ఫోటో కలిసే ప్రయాణం చేశాయి. సహాయనిధివాళ్ళు పోస్టర్లు కూడా వేశారు. పెట్రోలు బంకు తలుపు మీద ఒకటుంది.

"నవ్వులాట కాదు పిల్లా," అంది డెల్ఫియా. లేచి వెళ్ళి ట్రైలరులోంచి ఒక గాజు పళ్ళెం తెచ్చి ట్రెస్సా ముందు పెట్టింది. ఎండు ఆపిల్ ముద్ద పూసి పొరలు పొరలుగా పేర్చిన కేకు. కత్తి పడలేదు. పక్కలు ఎండిపోయాయి.

"విల్మాకి తీసుకెళ్ళాను. నిన్న ముట్టకుండా తిప్పి పంపింది."

ట్రెస్సా పళ్ళేన్ని తన వైపు తిప్పి చూసింది.

విల్మా డెల్ఫియాకు పక్కింటామె. వాగు ఆ మలుపులో వరదకు పోయింది ఆమె భర్త డెన్జిల్ ఒక్కడే. చావు జరిగిన ఇంటికి తలా ఒక వంటకం తీసుకెళ్ళడం, పళ్ళెం అడుగున అంటించిన కాగితప్పట్టీ మీద పేరు రాయడం, తిన్నాక ఆ పళ్ళేన్ని ఖాళీగా పంపకుండా నాలుగు టమాటాలైనా వేసి పంపడం అక్కడి ఆనవాయితీ. తెచ్చినదాన్ని ముట్టకుండా పంపడమంటే చెంప మీద కొట్టడం కన్నా ఎక్కువే.

"దాని మొగుడు పోయాడు. సంతాపాలు నాకొస్తున్నాయి," అంది డెల్ఫియా. "నేనేదో దాని ఏడుపు ఎత్తుకొచ్చి వేసుకున్నట్టుంది. యాభై ఏళ్ళు. ఎవరింట్లో చావొచ్చినా ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. శనివారం డెన్జిల్ అంత్యక్రియలు. నేను దాని పక్కన కూర్చోవాలా వద్దా?"

"కూర్చోవాలి, డెల్ఫీ అత్తా."

"అయితే ఆ రోదన తీయించు. నువ్వు పెట్టిన మంట ఇది. నువ్వే ఆర్పు."

"తీయిస్తాను. పళ్ళు లేక అలా..."

"పళ్ళ మాట ఎత్తావంటే చూడు!" డెల్ఫియా వేలు చూపించింది, రెండో చెయ్యి నోటి మీదే ఉంచి. "దేశమంతా నా బోసినోరు చర్చించుకోవాలా? ఆ మాట పడిందంటే మీ నాన్నకు చెప్పి నీ కాళ్ళు విరగ్గొట్టిస్తా."

"మా నాన్న మెట్లెక్కితే ఆయాసపడతాడు అత్తా."

"నేనే విరగ్గొడతాలే."

అబద్ధాన్ని తుడవాలి, నిజం మాత్రం చెప్పకూడదు. ఆ పని నెత్తిన పెట్టుకుని ట్రెస్సా ఆఫీసుకి వెళ్ళింది.

పట్నం పత్రికలో ఫోటోలు చూసే ఆవిడ పేరు మెరెడిత్. సోమవారం ఫోన్ చేస్తే మీటింగులో ఉందన్నారు. మధ్యాహ్నం చేస్తే భోజనానికి వెళ్ళిందన్నారు. మంగళవారం పొద్దున ఇరవై నిమిషాలు ఫోన్లో వాయిద్యం వినిపించి పెట్టేశారు. ఆఖరికి ఆవిడే దొరికింది.

"ట్రెస్సా! నేనే చేద్దామనుకుంటున్నాను. మీ ఫోటో పోటీకి పంపించాం, తెలుసా? ఇక్కడ అందరూ ఒకటే మాట. ఆ నేల బాధ ఆ నేల పిల్లకే తెలుస్తుందని."

ట్రెస్సా ఆ మెప్పును పక్కన పెట్టింది. "కింద రాసిన మాట తప్పండీ. ఆవిడ ఆప్తులెవరూ పోలేదు. భర్త బతికే ఉన్నాడు. చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు."

"అయ్యో. సరే, 'ఆప్తులు' తీసేస్తాం. 'మూగ రోదన' ఉంచుదాం. ఇల్లు పోయిందిగా?"

"రోదన కూడా కాదండీ. ఆవిడ ఏడవట్లేదు."

"మరి చెయ్యెందుకు అలా పెట్టుకుంది?"

ట్రెస్సా బల్ల అంచు గోటితో గీకింది. "అది... నేను చెప్పకూడదు."

"చెప్పకూడదా?" మెరెడిత్ గొంతులో నవ్వు, జాలి రెండూ ఉన్నాయి. "చూడండి, మనుషులు తమ దుఃఖాన్ని తర్వాత ఒప్పుకోరు. సిగ్గుపడతారు. నాకు ఇలాంటివి అలవాటే. కానీ ముఖం అబద్ధం చెప్పదు కదా?"

"ముఖం చెప్పదండీ. చూసేవాళ్ళే చెప్తారు."

"ఆ ఫోటో చూసి ఎన్ని లారీల మంచినీళ్ళు వచ్చాయో తెలుసా మీకు?"

తెలుసు. ఆ నీళ్ళ సీసాలు మోసినవాళ్ళలో ట్రెస్సా కూడా ఉంది. డెల్ఫియా ట్రైలరు కింద కూడా రెండు పెట్టెలున్నాయి. "అయినా తప్పు తప్పే కదండీ," అంది. చిన్నపిల్ల మాటలా వినిపించింది తనకే. పరిశీలిస్తామని మెరెడిత్ ఫోన్ పెట్టేసింది.

ట్రెస్సా రిసీవరును ఠపీమని వేసేసరికి పక్కగదిలోంచి హోబర్ట్ తొంగిచూశాడు. వారపత్రికకు సంపాదకుడు, ప్రకటనలు తెచ్చేవాడు, వాకిలి ఊడ్చేవాడు కూడా ఆయనే. డెబ్బై ఏళ్ళు దాటాయి.

"ఆ ఫోను నా పెళ్ళినాటిది. విరగ్గొట్టకు," అన్నాడు. "ఏమంటారు?"

"నా కంటే వాళ్ళకే ఎక్కువ తెలుసంటారు. ముఖం అబద్ధం చెప్పదట!"

"మా అత్తగారి ముఖం చూడలేదు పాపం ఆవిడ."

"హోబర్ట్ గారూ, మన పత్రికలో నాకు నాలుగు వాక్యాల చోటివ్వండి. మొదటి పేజీలో."

ఆమె అప్పటికే రాసి పెట్టుకుంది. హోబర్ట్ కళ్ళజోడు నుదుటి మీంచి దించి చదివాడు: 'డెల్ఫియా నోబుల్ ఫోటోలో కనిపించేది దుఃఖం కాదు. చెయ్యి అడ్డం పెట్టి ఆమె నాకు ఫోటో తీయొద్దని చెప్పింది. నాకు అర్థమైంది, అయినా తీశాను. తప్పు నాది, ఆమెది కాదు. - ట్రెస్సా కౌడిల్.'

"ఎందుకొద్దందని అడుగుతారు."

"అడగనివ్వండి. ఫోటో వద్దనడానికి మనిషి కారణం చూపించాలా?"

హోబర్ట్ పెన్సిలు చెవి మీంచి తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇది వేస్తే పట్నంవాళ్ళు నిన్ను మళ్ళీ పిలవరు. వద్దన్న మనిషిని ఫోటో తీశానని నువ్వే సంతకం పెడుతున్నావ్. మీ నాన్న ఆ పత్రిక ముక్క ఫ్రిజ్‌కి అంటించుకున్నాడు. నేను వెళ్తే నాకు రెండుసార్లు చూపించాడు."

"నాకు రోజూ చూపిస్తాడు," అంది ట్రెస్సా. "వేయండి."

గురువారం పత్రిక వచ్చింది. శుక్రవారం మెరెడిత్ తనంతట తానే ఫోన్ చేసింది. ఈసారి వాయిద్యం లేదు, నవ్వూ లేదు. పోటీ నుంచి ఫోటో వెనక్కి తీసుకుంటున్నామని, ఇకమీదట ట్రెస్సా ఫోటోలు తమకు అక్కర్లేదని చెప్పింది.

"మరి ఫోటో కింద మాట?"

"అది పరిశీలనలో ఉంది."

పెట్రోలు బంకు పోస్టరు ఉన్నచోటే ఉంది. ట్రెస్సా ఆగి దాన్ని చింపబోయింది. కౌంటర్లో ఉన్న మనిషి, "అమ్మాయ్, దాన్ని చూసే జనం విరాళాల డబ్బాలో డబ్బులు వేస్తున్నారు, ఉండనీ," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే ఒళ్ళు మండించింది. ఇంటికొచ్చేసరికి ఫ్రిజ్ తలుపు మీద పట్నం పత్రిక ముక్క లేదు. ఎక్కడ పెట్టాడో తండ్రి చెప్పలేదు. బీన్స్ గిన్నె, మొక్కజొన్న రొట్టె ఆమె ముందుకు జరిపి, "తిను," అన్నాడు.

శనివారం డెల్ఫియా, ఆర్లీ, ట్రెస్సా డెన్జిల్ అంత్యక్రియల హాలుకి కలిసే వెళ్ళారు. శవపేటిక గది ముందువైపు, పూల మధ్య ఉంది. మూత వేసే ఉంది. వరదలో కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు, శవం నిలవలేదు, ఇక మూత తీయలేమని అక్కడివాళ్ళు ముందే చెప్పేశారు. విల్మా దాని తలవైపు నిలబడి ఉంది. చిన్న మనిషి, గట్టి మనిషి. వరసలో వచ్చినవాళ్ళ చేతులు ఒక్కొక్కటే పట్టుకుని వదులుతోంది.

వాళ్ళ వంతు వచ్చింది. డెల్ఫియా ఎడమచెయ్యి నోటి మీద ఉంది. కుడిచేత్తో వారపత్రిక ముక్క ముందుకు చాచింది.

"చదువు విల్మా. నేనేం ఏడవలేదు. నీది నేనేం ఎత్తుకెళ్ళలేదు."

"చదివాను."

"మరి?"

"కొత్తగా చదవడానికేముందే? ఆ ఫోటో చూసినరోజే, అయ్యో, డెల్ఫీ పళ్ళు కూడా పోయాయి అనుకున్నాను. ఈ వాగు ఒడ్డున దానికి ఎవరు మోసపోతారు?"

వెనక వరసలో ఎవరో దగ్గారు. డెల్ఫియా మెడదాకా ఎర్రబడింది. "తెలిస్తే కేకెందుకు తిప్పి పంపావు? రాత్రంతా కూర్చుని పేర్చానే! అరువు పొయ్యి మీద!"

విల్మా ట్రెస్సా వైపు తిరిగింది.

"ఆయన్ని ఒడ్డు మీద పడుకోబెట్టినప్పుడు నువ్వు నా ఎదురుగానే ఉన్నావు. కెమెరా మెళ్ళో లేదా నీకు ఆ రోజు?"

"ఉంది, విల్మా అత్తా."

"నా గౌను అంచుతో ముఖం తుడిచాను. నా దువ్వెనతో జుట్టు దువ్వాను. చొక్కా గుండీ పెట్టాను. పెట్టి నీ వైపు చూశాను. నువ్వు కెమెరా దించేశావు."

ట్రెస్సాకు ఆ క్షణం బాగా గుర్తుంది. ఆ రోజు మొత్తంలో తాను సరిగ్గా చేసిన పని అదొక్కటేనని రెండు వారాలుగా తనకు తాను చెప్పుకుంటోంది. డెల్ఫియా ఫోటో గురించి నిద్రపట్టనప్పుడల్లా, కనీసం విల్మాను వదిలేశాను కదా అని సర్దిచెప్పుకుంది.

"నువ్వు వద్దంటున్నావనుకున్నాను."

"వద్దంటే చెయ్యి అడ్డం పెట్టేదాన్ని కాదా?"

విల్మా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది ట్రెస్సాకు.

"మా అమ్మది ఉంది. మా నాన్నది ఉంది. చిన్నప్పుడే పోయిన తమ్ముడిది ఉంది. పెట్టెలో పడుకోబెట్టి, చుట్టూ మేమందరం నిలబడి, ఆఖరి ఫోటో. ఇప్పటి పిల్లలకు అది రోత. మాకది ఇంట్లో ఉండాల్సిన వస్తువు. ఆయన ముఖం ఆ రోజు శుభ్రంగా ఉంది. నిద్రపోతున్నట్టుంది. ఆ తర్వాత ఈ మూత పడింది. డెల్ఫీ మెట్ల కోసం ఎక్కడెక్కడివాళ్ళో ఏడ్చారు. నా డెన్జిల్‌కి ఒక్క ఫోటో లేదు."

"దానికి నా మీద కోపమేంటే?" అంది డెల్ఫియా, ఏడుపు గొంతుతో.

"నీ మీద కాదు. పడేయడానికి ఎవరో ఒకరు కావాలి. నువ్వు దగ్గర్లో ఉన్నావ్."

డెల్ఫియా వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. విల్మా జరగలేదు, ఆపలేదు.

"ఒక్కటైనా ఉందా?" అని అడిగింది విల్మా ట్రెస్సాను. "దూరం నుంచైనా? వెనకనుంచైనా? పొరపాటున పడిందైనా?"

నాలుగు వందల ఫోటోలు ట్రెస్సా కళ్ళ ముందు తిరిగాయి. చెట్టు కొమ్మల్లో ఇరుక్కున్న ఫ్రిజ్ ఉంది. విరిగిన వంతెన ఉంది. బడి బస్సు మీదెక్కి కూర్చున్న కుక్క ఉంది, దాన్ని ఆరు వైపులనుంచి తీసింది. డెన్జిల్ ఉన్న ఒడ్డు వైపు ఒక్కటీ లేదు. అంత జాగ్రత్తగా మొహం తిప్పుకుంది.

"లేదు," అంది.

విల్మా పేటిక మూత వైపు చూసింది. "ఇవాళ కెమెరా తెచ్చావా?"

"కారులో ఉంది. ఇక్కడికి బాగుండదని..."

"ఏది బాగుంటుందో నీకెవరు చెప్తున్నారే పిల్లా? వెళ్ళి తీసుకురా."

ట్రెస్సా తిరిగొచ్చేసరికి విల్మా బంధువులందరినీ పేటిక చుట్టూ నిలబెడుతోంది. పొడుగువాళ్ళను వెనక్కి నెట్టింది. పూలకుండీ ఒకటి పక్కకు తీయించింది. డెల్ఫియా మెల్లగా జారుకోబోతే చెయ్యి పట్టి లాగింది.

"పళ్ళు లేకుండానా?"

"ఫోటో డెన్జిల్‌ది. నిన్నెవరు చూస్తారు?"

ట్రెస్సా కెమెరా ఎత్తింది. ఎత్తి, పట్టుకుని, "తీయనా, అత్తా?" అని అడిగింది.

"తియ్యి."

తీసింది. కంటి ముందు చట్రంలో పదహారు ముఖాలు, మధ్యలో గోధుమరంగు చెక్క మూత. చూపు దేనిమీద నిలపాలో తెలియక ఆ చెక్క మీదే నిలిపింది. తీసినదాన్ని విల్మాకు చూపించింది. విల్మా చిన్న తెర మీదికి వంగి చాలాసేపు చూసింది, అందులో ఏదో ఓ మూల ఆయన ఉంటాడన్నట్టు.

"ఇంకోటి తియ్యి," అంది.

ట్రెస్సా కుర్చీ ఎక్కి పైనుంచి తీసింది. విల్మా చూసింది. "ఇంకోటి." పక్కనుంచి తీసింది. దీపం వెలుగు మార్చి తీసింది. పాస్టరు గడియారం చూసుకున్నాడు, ఆర్లీ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ప్రతిసారీ విల్మా వచ్చి, తెర చూసి, వెనక్కి వెళ్ళి, మూత మీద చెయ్యి వేసి నిలబడేది.

"ఇంకోటి," అంటూనే ఉంది.